వంగే నడుము మిగిలింది

1999 నవంబరు 15, సోమవారం, పొద్దున తొమ్మిదికి పది నిమిషాలు తక్కువ. బడిలో మొదటి గంట కొడుతున్నారు. ఆ గంట మోగుతుండగానే నా నడుము పోయింది.

మాది నల్లమాడ దగ్గర చిన్న ఊరు. ఆ ఏడు చివరి వాన మా మీద పడలేదు. వేరుశనగ పంట పీకే నాటికి నేల రాయిలా బిగుసుకుంది. అలాంటి నేలలో చెట్టును నేరుగా లాగితే తీగ తెగి చేతికొస్తుంది, కాయలు మట్టిలోనే ఉండిపోతాయి. మొదలు దగ్గర పట్టుకుని కొంచెం పక్కకు తిప్పి, నడుముతో లాగాలి. ఎనిమిదేళ్ల పిల్లప్పుడు మా అమ్మ నేర్పింది అది. అప్పటి నుంచి లక్షణంగా లాగుతూనే ఉన్నాను. ఆ రోజు చెట్టు కదలలేదు. నా నడుములో ఏదో కదిలింది. తడి గుడ్డ పిండినట్టయింది. ఆ వెంటనే పిరుదు నుంచి ఎడమ మడమ దాకా నిప్పు పాకింది. వంగినదాన్ని వంగినట్టే నిలబడిపోయాను. లేవడానికీ లేదు, కూలడానికీ లేదు.

నా పేరు ఓబుళమ్మ. రాత్రి బడిలో అక్షరాలు దిద్దేనాటికి నాకు నలభై ఆరేళ్లు. నడుము పోయేనాటికి యాభై దాటాను. ఇప్పుడు ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, మా చుట్టుపక్కల ఊళ్లలో నడుము పోయినవాళ్లందరూ నా దగ్గరికే వచ్చి అడుగుతున్నారు. వెన్నులో ఇనుప కడ్డీలు వేయించుకోవాలా, వద్దా అని. ఒక్కొక్కరికీ చెప్పి నోరు నొప్పి పుడుతోంది. రాసి పెడితే చదువుకుంటారు.

వాళ్లు నా దగ్గరికి రావడానికి ఇంకో కారణం కూడా ఉంది. అది చెప్పకపోతే నా కథ ఎవరికీ అర్థం కాదు. నేను ఎదురుకాళ్లతో పుట్టాను. తల ముందు రావాల్సింది కాళ్లు ముందు వచ్చాయి. అలా పుట్టినవాళ్లు కాలితో తొక్కితే నడుము పట్టు వదులుతుందని మా వైపు నమ్మకం. నాకు నడక వచ్చిన దగ్గర్నుంచి మా నాయన నన్ను ఎత్తుకెళ్లి ఎవరెవరి నడుముల మీదో నిలబెట్టేవాడట. పెళ్లయి ఈ ఊరికి వచ్చాక, నేను వచ్చిన సంగతి కంటే నా కాళ్లు వచ్చిన సంగతే ముందు తెలిసింది జనానికి.

పొద్దున్నే పేడ చల్లే వేళకు ఎవరో ఒకరు నడుము పట్టుకుని మూలుగుతూ వచ్చేవారు. గడప ముందు బోర్లా పడుకోమనేదాన్ని. ఎడమ మడమతో మూడుసార్లు ఒత్తేదాన్ని. ఇంతే. డబ్బు తీసుకోకూడదు, తీసుకుంటే కాలు పని చెయ్యదని మా అమ్మ చెప్పింది. ఎవరైనా తర్వాత ఒక దోసకాయో దోసెడు కందులో గట్టు మీద పెట్టి వెళ్లేవారు. మా ఊరి పెద్ద రైతు ఒకాయన, మామూలు రోజుల్లో నేను ఎదురొస్తే చేను వైపు చూసేవాడు. నడుము పట్టిందంటే మాత్రం తెల్ల పంచెతోనే నా గడప ముందు మట్టిలో పడుకునేవాడు. ఆ రోజులు గుర్తొస్తే నాకిప్పటికీ నవ్వొస్తుంది. ఏడాదికి ఒకసారైనా ఆయనకు నడుము పట్టాలని మా ఇంటాయన కదిరప్ప మొక్కుకునేవాడు.

అలాంటి దాన్ని మంచం మీద వేసి చేను నుంచి మోసుకొచ్చారు. మా ఇంటాయన తల దగ్గర కూర్చుని, భయం కనిపించకుండా ఉండడానికి ఎగతాళి మొదలుపెట్టాడు.

"ఊరందరి నడుములు తొక్కితివి. నీది నువ్వు తొక్కుకోలేవు గదే."

డాక్టరు దగ్గరికి పోదామని ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు. ఇంకో ఎదురుకాళ్ల మనిషిని వెతకడమే అందరికీ తోచింది. కదిరి దారిలో శీనప్ప అని ఒక టెంకాయల వ్యాపారి ఉన్నాడని తెలిసింది. మా అబ్బాయి రామాంజి జీపు తోలేవాడు. మర్నాడు పొద్దున్నే పోయి అతణ్ణి ఎక్కించుకొచ్చాడు.

శీనప్ప మంచి మనిషి. భారీ మనిషి కూడా. నేను ఎవరో తెలిసి కాసేపు ఆలోచనలో పడ్డాడు.

"అక్కా, నువ్వూ ఎదురుకాళ్లదానివేనంట గదా. మన కాలు మనోళ్ల మీద పని చేస్తాదో లేదో. నీలో ఉండే బలం నా బలాన్ని ఎదురు తోస్తాది."

అక్కడున్న వాళ్లందరికీ ఆ మాట సబబుగా అనిపించింది. నాకు కూడా. నిజం చెప్పాలంటే ఆ ప్రశ్న నేనే అడగబోయాను. చివరికి అందరూ కూర్చుని ఒక తీర్పు చేశారు. మామూలు మనిషిని తొక్కినట్టు తొక్కితే చాలదు, నా బలాన్ని మించి తొక్కాలి. శీనప్ప గోడ పట్టుకుని రెండు కాళ్లతో నా నడుము మీదికి ఎక్కాడు.

ఏదో తెగినట్టయింది. నొప్పి పోయింది. పోయిందని నేనే చెప్పాను. జనం సంతోషపడ్డారు. శీనప్పకు సుజాత కాఫీ ఇచ్చింది. సుజాత మా కోడలు, హిందూపురం వైపు పిల్ల, ఇంటికొచ్చి ఏడాది కూడా కాలేదు. ఆమె పట్టుకోగా లేచి నాలుగడుగులు నడిచి పెరట్లోకి వెళ్లి తిరిగి వచ్చాను. అప్పుడు ఆమె నా కాళ్ల వైపు చూసి అడిగింది.

"అత్తా, ఎడమ కాలి చెప్పు ఏదీ?"

పెరట్లో మధ్యలో ఎక్కడో జారిపోయింది. జారిన సంగతి నాకు తెలియలేదు. వంగి చూసుకోలేక చేత్తో తడిమాను. కాలి వేళ్లు ఉన్నాయి, నావి కావు. పాదం పైకి లేపుదామంటే లేవదు. ఊరందరినీ బాగు చేసిన ఎడమ మడమ గోనెసంచిలా పడి ఉంది. నిప్పు మాత్రం సాయంత్రానికి మళ్లీ వచ్చింది.

ఇది చదివేవాళ్లకు ఇక్కడే ఒక మాట చెబుతాను, మళ్లీ మర్చిపోతాను. ఉత్త పట్టు వేరు, కాలిలోకి దిగిన నొప్పి వేరు. కాలు మొద్దుబారితే, చెప్పు జారితే, ఎవరినీ మీ నడుము మీద కాలు పెట్టనివ్వకండి. నాలాంటి వాళ్లను అసలే పెట్టనివ్వకండి.

ఆ చలికాలమంతా నులక మంచంలోనే. శీనప్ప రెండుసార్లు చూడ్డానికి వచ్చాడు, వచ్చినప్పుడల్లా లేత టెంకాయలు తెచ్చాడు. అతని మీద నాకు కోపం లేదు. నేను అతని చోట ఉంటే నేనూ ఎక్కేదాన్నే.

విచిత్రం ఏమిటంటే, జనం రావడం ఆగలేదు. గొర్రెలు కాసే నాగన్న ఒకరోజు నడుము పట్టుకుని వచ్చాడు. ఒరే, నేనే పడి ఉన్నాను, కాలు చచ్చిపోయింది, దానికి స్పర్శే లేదు అన్నాను. వినలేదు. మంచం పక్కన నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి వెనక్కి పెట్టి, వేలాడుతున్న నా పాదాన్ని తనే పట్టుకుని నడుము మీద పెట్టుకున్నాడు.

"నీకు తెలీకపోతే ఏమక్కా. నాకు తెలుస్తాండాది గదా."

లేచి నిటారుగా నడుచుకుంటూ పోయాడు. నేను, సుజాత ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వడం అదే మొదటిసారి. నవ్వితే నడుములో పొడిచింది. అంతకు ముందు మాకు పెద్దగా పడేది కాదు. నిలబడి ఊడ్చే పొడుగు చీపురు పుట్టింటి నుంచి తెచ్చుకుందని నేను దెప్పేదాన్ని. వంగడానికి బద్ధకమని ఇరుగుపొరుగుకు చెప్పేదాన్ని. ఇప్పుడు నాకు నీళ్లు పోసేది ఆమె, తల దువ్వేది ఆమె. బయటికి పోవాల్సి వస్తే భుజం ఇచ్చి తీసుకెళ్లేది కూడా ఆమే. మా ఊళ్లో అప్పుడు ఏ ఇంట్లోనూ మరుగుదొడ్డి లేదు. కంపచెట్ల చాటుకు పోవాలి, మోకాళ్లు మడిచి గొంతుకూర్చోవాలి. కూర్చుంటే లేవలేను. ఆమె ముఖం పక్కకు తిప్పుకుని నా రెండు చేతులూ పట్టుకుని నిలబడేది. ఇది రాయకూడదని రామాంజి అన్నాడు. రాయకపోతే జబ్బు గురించి రాసినట్టు కాదు.

2000 జనవరిలో పండగ వెళ్లాక అనంతపురం తీసుకెళ్లారు. అక్కడ పెద్ద డాక్టరు ఒకాయన. ఆయన గది ముందు బెంచీల మీద జిల్లా అంతా కూర్చుని ఉన్నట్టుంది. విడపనకల్లు నుంచి వచ్చిన ఒకాయన మా పక్కన కూర్చోలేక నిలబడి, నిలబడలేక గోడకు ఆనుకుని అవస్థ పడుతున్నాడు. ఎవరి పిలుపు వచ్చినా మిగతావాళ్లు తలెత్తి చూసి మళ్లీ దించుకునేవారు. లోపలికి వెళ్లినవాళ్లు బయటికి వచ్చేటప్పుడు ముఖం చూసి ఏం చెప్పి ఉంటాడో లెక్కగట్టేవాళ్లం.

స్కానింగు తీశారు. గుహలాంటి గొట్టంలో పెట్టి, చెవి దగ్గర సుత్తులు కొట్టినట్టు శబ్దం. మా కులదేవతలందరినీ పిలిచాను. ఎవరికీ వినిపించి ఉండదు ఆ గోలలో.

డాక్టరు నిదానంగా చెప్పాడు. వెన్నులో రెండు ఎముకల మధ్య మెత్త ఉంటుంది. ఆ మెత్త పగిలి ఒక ముక్క బయటికొచ్చి నరం మీద కూర్చుంది. దాన్ని తీయాలి. ఈమెది కష్టం చేసే ఒళ్లు, తీసి ఊరుకుంటే మళ్లీ వస్తుందేమో. కాబట్టి ఆ రెండు ఎముకల్నీ మరలతో, కడ్డీలతో బిగించేస్తే నిలకడగా ఉంటుంది. ఆ చోట మాత్రం వంగదు.

రామాంజికి ఈ మాట బాగా నచ్చింది. జీపు మనిషి గదా.

"గట్టిగా ఉంటాది మా. చాసీకి పట్టీ ఏసి బోల్టు బిగిచ్చినట్ల. మళ్లా దాని జోలికి పోయే పనే ఉండదు."

మా ఇంటాయనకు కత్తి అంటేనే గిట్టదు. "ఇనుము పెట్టుకోని బతికేదేంది రా? మనిషా, గేటా?"

బస్టాండులో తండ్రీకొడుకులు తగువు పడ్డారు. అమ్మ కాలు చచ్చిపోతుంటే చూస్తూ కూర్చుంటావా నాయనా అని వాడు. కోయించి తెచ్చి కట్టెలా మూలకు ఆనిస్తావా అని ఈయన. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు. సిమెంటు దిమ్మె మీద పడుకుని బస్సు పైకప్పుల మీద మూటలు చూస్తున్నాను.

ఇంటికొచ్చాక నాకు ఒకటే ఆలోచన. వంగకుండా నేనేం చేస్తాను? కళ్లు మూసుకుంటే వంగడాలే కనిపించేవి. మా అమ్మ ముందు, నేను వెనక, కలుపు తీస్తూ సాలు పొడుగునా వంగి పోవడం. నా చేతికన్నా పెద్దది, కలుపు తవ్వే తొలిక పట్టుకుని ఆమె అడుగుల్లో అడుగులు వేయడం. బావిలో చేద లాగడం. పొయ్యి ఊదడం. బాలింతప్పుడు రామాంజిని ఉయ్యాల్లోంచి ఎత్తుకోవడం. పండగ ముందు రాత్రంతా మంచు పడ్డ వాకిలి, మా అత్త లాంతరు పట్టుకుంటే నేను ముగ్గు పెట్టడం. విత్తనం వేసే గొర్రు వెనక మంచి పదునులో నడుస్తుంటే లేచే ఆ మట్టి వాసన నిటారు మనిషికి సగమే అందుతుంది. కోస్తే గింజ, వంగితే కూలి, మా బతుకంతా నేలకు దగ్గరలోనే జరిగింది. నేల నన్ను వద్దనకముందే నేనే దానికి దూరమైపోతానా అని దుఃఖమొచ్చింది. చావు భయం కాదు అది. చావు అప్పుడు నా లెక్కలోనే లేదు.

నా దిగులు చూసి అనంతపురం డాక్టరే రెండోసారి పోయినప్పుడు చెప్పాడు, అనుమానం ఉంటే ఇంకొకర్ని అడగండి, తప్పేం లేదని. బెంగళూరులో ఫలానా చోట వెన్నుపూసలే చూసే డాక్టరున్నాడని పేరు, దారి చెప్పి పంపాడు. అలా చెప్పే డాక్టర్లు ఎంతమంది ఉంటారు? ఆయన చల్లగా ఉండాలి.

మార్చిలో బెంగళూరు. జీపులో వెనక సీటు తీసేసి పరుపు వేశాడు రామాంజి. చిలమత్తూరు దాటాక బోర్డులన్నీ కన్నడం. తెలుగు వచ్చిన కళ్లకు కన్నడం సగం వస్తుంది, మిగతా సగం ఊహించుకోవాలి. పరుపు మీద పడుకుని కిటికీలోంచి కూడబలుక్కుంటూ పోయాను. కొత్తగా చదువొచ్చినవాళ్లకు అదొక పిచ్చి, కాలు కాలుతున్నా బోర్డు వదలబుద్ధి కాదు.

ఆ ఆస్పత్రిలో వరండా పొడుగునా నడుము రోగులే. నా పక్కన హనుమక్క అని చిలమత్తూరు దగ్గరి ముసలామె. యా ఊరు, ఎంతమంది పిల్లలు, ఏమైంది అని ఆరా తీసింది. టెంకాయల శీనప్ప కథ చెప్పాల్సి వచ్చింది. చెప్పేటప్పుడు నేనూ ఎదురుకాళ్లదాన్నే అని నోరు జారాను. ముసలామె కళ్లు మెరిశాయి.

"అట్లయితే ఒక్కసారి నాకు కాలు తాకిచ్చు తల్లీ. పొద్దున్నుంచి కూర్చోని కూర్చోని పట్టేసుండాది."

వద్దమ్మా అంటున్నా వినకుండా బెంచీ మీద వెనక్కి తిరిగి కూర్చుంది. సుజాత నా కాలు ఎత్తి పట్టుకుంది. మడమ తాకిందో లేదో, ముసలామె అబ్బా అంటూ ఒళ్లు విరుచుకుని లేచింది. దాన్ని పక్కనున్న కన్నడాయన చూశాడు. ఏమిటని అడిగాడు. వాళ్లలోనూ ఈ నమ్మకం ఉన్నదే. చూస్తుండగానే డాక్టరు గది ముందు ఉండాల్సిన వరస నా ముందుకు మారింది. చచ్చుబడ్డ కాలు నాది, దాన్ని ఎత్తి పట్టుకునేది మా కోడలు, ఒక్కొక్కరూ వచ్చి వీపు తిప్పి నిలబడతారు. మా ఇంటాయన అయితే వరస సరిచేస్తున్నాడు.

మేరీ అని ఒక నర్సమ్మ వచ్చింది. గట్టి మనిషి. "ఇది ఆస్పత్రమ్మా, జాతర కాదు. కాలు దించు" అని కసిరింది. అందరూ చెదిరిపోయారు. నాకు తల కొట్టేసినట్టయింది. కానీ మా పిలుపు వచ్చేదాకా ఆ వరండాలో అందరి ముఖాల మీదా నవ్వు ఉండింది. ఆ రోగుల్లో కొంతమంది అప్పటికి ఎన్నాళ్ల తర్వాత నవ్వారో.

లోపల డాక్టరు నడివయసు మనిషి. తెలుగు బాగా మాట్లాడాడు. సూదితో పాదం గుచ్చి చూశాడు, మడమల మీద నడవమన్నాడు, నేను నడవలేకపోవడం చూశాడు. రామాంజి కడ్డీల సంగతి ఎత్తాడు. మా ఇంటాయన కత్తి లేకుండా అవుతుందా అని అడిగాడు. డాక్టరు ఇద్దరికీ జవాబు చెబుతున్నాడు. అప్పుడు వెనక నిలబడ్డ సుజాత ముందుకొచ్చింది.

"సార్, మా అత్త కింద కూర్చోవల్ల. మా ఊర్లో కుర్చీ దొడ్లు లేవు. కంపల్లోకి పోయి గొంతుకూర్చోవల్ల. కడ్డీలేస్తే అట్ల కూర్చునేకవుతాదా?"

మగవాళ్లిద్దరూ నేల చూశారు. డాక్టరు మాత్రం కుర్చీ దగ్గరికి లాక్కుని, అప్పటి నుంచి రామాంజితో కాకుండా నాతో, సుజాతతో మాట్లాడాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత రాస్తాను. కడ్డీలు వేస్తే మనిషి కట్టెలా అయిపోడు. ఒక్క కీలు మాత్రం బిగుసుకుంటుంది, మిగతావి వంగుతాయి. కానీ బిగిసిన కీలు పని కూడా పైనా కిందా ఉన్న కీళ్లు చేయాలి, కొన్నేళ్లకు అవి అరగొచ్చు. రెండో దారి, చిన్న కోత పెట్టి నరం మీద కూర్చున్న ముక్కను మాత్రం తీసేసి, మిగతా మెత్తను, కీలును అలాగే వదలడం. వంగడం పోదు. కానీ మళ్లీ ముక్క జారే భయం కొంత ఉంటుంది, బరువులు మానాలి. మూడోది, పాడైన మెత్త తీసి దాని చోట కదిలే కృత్రిమ మెత్త పెట్టడం. అది పై దేశాల్లో చేస్తున్నారు, ఇక్కడికి ఇంకా సరిగా రాలేదు, వచ్చినా నీకు పెట్టను అన్నాడు. నీ మెత్తలో పనికొచ్చే భాగం ఇంకా ఉంది, ఉన్నదాన్ని తీసి కొత్తది ఎందుకు అన్నాడు.

"అయితే ఒక పరీక్ష ఉందమ్మా" అన్నాడు. "నువ్వు వంగినప్పుడు ఆ రెండు ఎముకలూ ఒకదాని మీద ఒకటి జారుతున్నాయేమో చూడాలి. జారితే కడ్డీలు తప్పవు. జారకపోతే అక్కర్లేదు. వంగి ఎక్స్‌రే తీయించుకోవాలి."

నాలుగు నెలలుగా వంగింది లేదు. ఎక్స్‌రే గది చల్లగా, చీకటిగా ఉంది. మేరీయే నన్ను తీసుకెళ్లింది. వంగమ్మా అన్నారు. కొంచెం వంగేసరికే కాల్లో నిప్పు లేచింది. చాల్లెమ్మంటారేమో అనుకున్నాను. ఎక్స్‌రే తీసే అతను, ఇంతే వంగితే తెలియదమ్మా, ఎంతవరకు పోతే అంతవరకు పోవాలి అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. సగం వంగితే ఎముక నిజం చెప్పదు. నిజం చెప్పకపోతే భయానికైనా కడ్డీలు వేస్తారు. పూర్తిగా వంగితే అది జారుతుందేమో, అప్పుడూ కడ్డీలే. జారకపోతే మాత్రం నా నడుము నాకుంటుంది.

మేరీ నా రెండు చేతులూ పట్టుకుంది. "నేనుండాను. పోమ్మా కిందికి" అంది. ఆమె తెల్ల బూట్లు చూస్తూ దిగాను. పళ్లు కొరుక్కుంటూ దిగాను. కళ్ల నీళ్లు ఆ బూట్ల మీద పడ్డాయి. ఊపిరి బిగపట్టమన్నారు. అసలు ఊపిరెక్కడుంది నాకు బిగపట్టడానికి.

ఎముకలు జారలేదు.

అయినా వరండాలో మళ్లీ తగువే. రామాంజి పంతం పట్టాడు. మళ్లీ జారితే, మళ్లీ కాలు పడిపోతే ఎవరు దిక్కు అని. వాడి కోపం నా మీద కాదు, వాడి భయం అది. నా మంచం ఎత్తి ఎత్తి వాడికీ నిద్రలేదు. దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పాను.

"మళ్లా వస్తే అప్పుడు కడ్డీలేస్తారంట రామాంజీ. ముందే బిగిచ్చేస్తే మాత్రం మళ్లా విప్పి ఆ కీలు తెచ్చియ్యలేరంట. పోగొట్టుకునేదాన్ని ముందే ఎందుకు పోగొట్టుకోవల్ల?"

మా ఇంటాయన పైపంచెతో ముఖం తుడుచుకుని, "ఎట్లన్నా చెయ్యనీ. దాని నడుము, దాని ఇష్టం" అన్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట ఆయన నోట వినడం అదే.

ఆపరేషను ఏప్రిల్ మొదటి వారం. లోపలికి తీసుకెళ్లే ముందు చక్రాల మంచం మీద పడుకోబెట్టి గోడ పక్కన ఆపారు. పచ్చ గుడ్డ కప్పి ఉంది. అప్పుడు మేరీ వచ్చింది. అటూ ఇటూ చూసింది. నా ఎడమ పాదం మీద గుడ్డ కొంచెం తొలగించి, మంచానికి వీపు ఆనించి నిలబడింది.

"అమ్మా, ఎవరికీ చెప్పొద్దు. పేషెంట్లను ఎత్తి ఎత్తి నాకూ నడుము పోతాండాది."

నవ్వాపుకోలేకపోయాను. నవ్వుతూనే లోపలికి పోయాను. ఆమెకు నిజంగానే నడుము నొప్పి ఉండిందో, నా భయం పోగొట్టడానికే అలా చేసిందో నేను అడగలేదు. అడగకపోవడమే బాగుందనిపిస్తుంది ఇప్పటికీ.

మెలకువ వచ్చాక గొంతు ఎండిపోయి ఉంది, నడుము దగ్గర కోత మండుతోంది. కాల్లో నిప్పు లేదు. దాని కోసం వెతుక్కున్నాను, లేదు. మర్నాడే లేపి నిలబెట్టారు. ఆరు వారాలు వంగకూడదు అన్నారు. ఇక సుజాతకు అధికారం వచ్చింది. చెంబు కింద పడితే, ఈగ కాలి మీద వాలితే, దేనికి కొంచెం తల దించినా "అత్తా, వంగొద్దు" అని వంటింట్లోంచి కేక. గోడకు కళ్లు పెట్టిందేమో అనుకునేదాన్ని. తన పొడుగు చీపురు నా చేతికిచ్చింది. నిలబడి ఊడ్చాను. బాగానే ఊడుస్తుంది అది.

పాదం మాత్రం ఆలస్యం చేసింది. డాక్టరు ముందే చెప్పాడు, నలిగిన నరం దాని తీరిక కొద్దీ వస్తుంది, కొంత రాకపోవచ్చు అని. మే నెల మిట్టమధ్యాహ్నం ఒకరోజు చెప్పుల్లేకుండా వాకిట్లో బండ మీద కాలు పెట్టాను. చురుక్కుమంది. ఎడమ మడమే. మళ్లీ పెట్టాను. మళ్లీ కాలింది. సుజాతను పిలిచి చెప్పాను, బండ కాలుతోంది అని. ఆమె నీళ్లు తెచ్చి పోయబోయింది. వద్దు, కాలనియ్యి అన్నాను.

బొటనవేలు పక్కన కొంచెం మేర ఇప్పటికీ మొద్దుగానే ఉంది. అది తిరిగి రాలేదు. బరువులు ఎత్తను. బిందె చంకన పెట్టి ఎన్నేళ్లయిందో. ముక్క మళ్లీ జారలేదు, ఇప్పటి వరకు. రేపు జారితే ఏమో, అప్పుడు ఆలోచిస్తాను. నాకు సరిపోయింది అందరికీ సరిపోతుందని చెప్పను. మా ఊళ్లోనే ఒకాయనకు ఎముకలు జారుతున్నాయి, కడ్డీలు వేశారు, ఆయన సుఖంగా ఉన్నాడు, నేలమీద కూర్చుంటున్నాడు కూడా. మొన్నామధ్య కదిరిలో ఒక బడి అయ్యవారు కలిశాడు, ఆయన మెడలో కదిలే కృత్రిమ మెత్త పెట్టారట బెంగళూరులో. తల అటూ ఇటూ తిప్పి చూపించాడు కొత్త పెళ్లికొడుకులా. కాలం మారింది. నేను చెప్పేదల్లా, మీ డాక్టరును అడగండి. వంగినప్పుడు ఎముక జారుతోందా అని అడగండి. మీరు రోజూ ఏం పని చేస్తారో, ఎక్కడ కూర్చుంటారో సిగ్గుపడకుండా చెప్పండి. అడగడానికి మీకు నోరు రాకపోతే మీ ఇంట్లో ఒక సుజాతను వెంట తీసుకెళ్లండి.

నడుములు తొక్కమని ఇప్పటికీ వస్తారు. ముందు కాలు మొద్దుబారిందా అని అడుగుతాను. అవునంటే బస్సు ఎక్కమంటాను. కాదంటే మడమ ఊరికే తాకిస్తాను. వాళ్ల తృప్తి వాళ్లది, నా తృప్తి నాది.

ఇప్పుడు మా చేలల్లో విత్తనం ట్రాక్టరు వేస్తుంది. కలుపుకు మందు కొడతారు. ఆడవాళ్లు వరసగా వంగి, ఒకరి మీద ఒకరు పరాచికాలాడుతూ సాలు వెంట పోవడం తగ్గిపోయింది. ఉన్న నడుములకు పని లేదు. నేను నడుము దక్కించుకున్న ఏడాది మాత్రం ఆ వరస ఇంకా ఉండింది. ఆ రోజు సంగతి చెప్పి ఆపేస్తాను.

2000 ఆగస్టు. మంచి వాన పడి రెండు రోజులైంది. మా చేలో కలుపు తీస్తున్నారు. వంగి చేసే పని మెల్లగా మొదలుపెట్టొచ్చని బెంగళూరులో చెప్పి అప్పటికి పది రోజులు. అయినా నాకు ధైర్యం రాలేదు, ఇంట్లోవాళ్లకూ రాలేదు. గట్టు మీద కూర్చుని చూడ్డానికని పోయాను. వేరుశనగ పూత మీద ఉంది, పసుపు పూలు. వరస కదులుతోంది. కాసేపు కూర్చున్నాను. తర్వాత ఎవరితో చెప్పకుండా లేచి చేలో దిగాను. మోకాళ్లు కొంచెం మడిచి, మెల్లగా, వేళ్లు మట్టికి తగిలేదాకా వంగాను. ఏమీ కాలేదు. ఒక గరిక దుబ్బు పీకాను. తడి వేర్లతో సహా వచ్చింది.

తలెత్తి చూస్తే ఎవరూ నా వైపు చూడటం లేదు. అందరూ వంగే ఉన్నారు. వంగినవాళ్లలో నేనొకదాన్ని. సుజాత మాత్రం చూసింది. వంగొద్దు అంటుందనుకున్నాను. అనలేదు. తన సాలు వదిలి పక్క సాలుకు జరిగి, నాకు చోటిచ్చింది.

ఆ రోజు చేలో ఉన్నవాళ్లు వీళ్లు. గట్టు మీద నీళ్ల కడవ దగ్గర మా ఇంటాయన కదిరప్ప, ఆయన పోయి రెండేళ్లయింది. వరసలో అటు చివర ముసలి గంగమ్మ, ఆమె కూడా లేదు. ఆమె పక్కన నారాయణమ్మ, పాటలు పాడేది. తర్వాత తోడికోడళ్లు వెంకటలచ్చమ్మ, చిన్నక్క, ఇద్దరూ ఆ రోజు మాట్లాడుకోవడం లేదు. తర్వాత బీబీజాన్, మా ఊళ్లో ఆమెకంటే వేగంగా కలుపు తీసేవాళ్లు లేరు. తర్వాత ఐదో నెల కడుపుతో మరియమ్మ, వద్దన్నా వచ్చింది. తర్వాత సుజాత. సుజాత పక్కన నేను.